మూడింటికి లేపినవాడు

చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బుంది. తెలిసింది కడుపులో దాచుకోలేరు. కరుణశ్రీ నోట్లో అయితే నువ్వుగింజ కూడా నానేది కాదు. మంచి పిల్లే, తల్లంటే ప్రాణం పెట్టే పిల్లే. కానీ ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూరలో అన్నం కలుపుకుంటూ ఆమె చేసిన పని పగవాళ్ళు కూడా చెయ్యరు. పైగా సంతోషంగా చేసింది. ఒళ్ళు మండేది అందుకే.

ముందు తల్లి సంగతి చెప్పాలి. అమృతమ్మ ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. మొగుడు గుండెపోటుతో పోయాక కూతురితో పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో రెండు గదుల వాటాలో ఉంటోంది. ఆఫీసులో ఆమె ఉందో లేదో కూడా ఎవరికీ పట్టదు. సంఘంలో మాత్రం ఆమె మాటకి పాస్టరుగారి మాటకున్నంత విలువ. అక్కడ ఆమె పేరు "వేకువ ప్రార్థన అమ్మగారు". చలికాలమైనా, ఒంట్లో జ్వరమున్నా తెల్లవారుజామున మూడింటికి కళ్ళు తెరుచుకోవాల్సిందే. అలారం గడియారం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. "ఆయన లేపుతాడు" అనేది, పక్కింటివాళ్ళు లేపుతారన్నంత మామూలుగా.

సాక్ష్యం చెప్పమంటే ఆమెకి ఒకటే సాక్ష్యం. పెద్దవాడు లెవీ ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు వేయించుకున్న వారానికే మెదడువాపు జ్వరంతో పోయాడు. కరుణ అప్పటికి మాటలు నేర్చుకుంటున్న పిల్ల. నారాయణగూడ సమాధుల తోటలో వాణ్ణి పెట్టి వచ్చాక అమృతమ్మ దేవుడితో మాట్లాడడం మానేసింది. ఒక తెల్లవారుజామున ఎవరో "అమృతా, లే" అన్నట్టు మెలకువ వచ్చింది. గడియారం చూస్తే మూడు. మోకాళ్ళ మీద కూర్చుని, "నా బిడ్డ ఎలా ఉన్నాడు?" అని అడిగింది. ఏదో జవాబు వచ్చింది. ఆ జవాబేంటో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజే మళ్ళీ అన్నం తింది. "అప్పట్నించీ రోజూ ఆయనే లేపుతున్నాడు, వాడి కబురు చెప్పడానికి" అని ముగించేది. సంఘమంతా కొంగులతో కళ్ళొత్తుకునేది, ఎన్నిసార్లు విన్నా.

ఈ మూడింటి మనిషికి సాయంత్రం ఏడైతే రెప్పలు నిలిచేవి కావు. పెళ్ళి రిసెప్షన్లలో కుర్చీలోనే గురక పెట్టేది. క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనలో బెంచీ మీద ఒరిగిపోతే పక్కనున్నవాళ్ళు శాలువా కప్పేవాళ్ళు. "పొద్దున్నే ప్రభువుతో పనుంటుంది కదా, పడుకోనివ్వండి" అని నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో ఆమెకి పని కూడా బాగా పెరిగింది. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్ అని బోర్డులే. గుంటూరు, భీమవరం, ఖమ్మం పిల్లలంతా ఇరుకు హాస్టళ్ళలో పడి, కోర్సులు చేసి, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగేవాళ్ళు. మైత్రీవనం దగ్గర ఇడ్లీబండి పెట్టుకున్న వజ్రమ్మ ఆ సంఘంలో మనిషే. ఇడ్లీ తింటూ పిల్లలు చెప్పుకున్న కష్టాలన్నీ మోసుకొచ్చి అమృతమ్మకి అప్పజెప్పేది. ఎవరికి ఇంటర్వ్యూ, ఎవరికి వీసా, ఎవడి మనసు ఎవరి మీద పడింది, అన్నీ. అమృతమ్మ కుట్టుమిషను పక్కన దుప్పటి మడత వేసుకుని మోకరించి, ఒక్కొక్కరి పేరూ పైకే చెప్పేది. ముందు లెవీ సంగతి అడిగి, తర్వాతే అమీర్‌పేట సంగతులు. కరుణ పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ నిద్రలో సగం చెవితో విన్నది ఆ గొంతే.

ఇక కూతురు. ఊళ్ళో జనమంతా ఈగల్ని తోలుకోవడానికి చదువుకుంటే, ఈమె ఈగల్ని పెంచడానికి చదువుకుంది. అరటిపండు ముగ్గితే చుట్టూ ముసిరే ఆ చిన్న ఈగలే. యూనివర్సిటీ ల్యాబులో మొక్కజొన్న రవ్వా, బెల్లమూ, ఈస్టూ ఉడకేసి సీసాల్లో పోసి వాటికి పెట్టేది. ఇంటికొచ్చాక జుట్టంతా పులిసిన బెల్లం వాసన. సన్నటి గాజు గొట్టాల్లో ఈగకొక గది ఇచ్చి, చీకటి గదిలో రోజుల తరబడి ఉంచేది. వెలుతురు లేకపోయినా ఈగ తన వేళకి తాను లేస్తుంది, తిరుగుతుంది, పడుకుంటుంది. దాని ఒంట్లోనే గడియారం ఉంది. ఆ గడియారం నడిచే తీరే కరుణ చదువు.

ఆ తీరు చెప్పమంటే కరుణ సిటీ బస్సు సంగతి చెప్పేది. కణంలో ఒక ప్రొటీన్ కొద్దికొద్దిగా పోగవుతుంది. కైనేజ్ అనే ఎంజైము వచ్చి, కండక్టరు టికెట్లకి చిల్లులు పెట్టినట్టు, దాని మీద ఫాస్ఫేటు గుర్తులు వేస్తుంది. గుర్తు పడ్డది కరిగిపోతుంది. మళ్ళీ మొదట్నించీ పోగవుతుంది. అలా పోగయి కరిగేసరికి ఒక రోజు. ఆ గుర్తులు పడే తీరు మారిందా, రోజే మారిపోతుంది. కరుణ దగ్గర అలాంటి ఈగల జాతి ఒకటుంది. వాటి రోజు మామూలు ఈగల రోజుకన్నా పొట్టిది. చీకటి గదిలో మిగిలినవన్నీ నిద్రపోతుంటే అవి ముందే లేచి తిరుగుతుంటాయి.

ఆ ఏడాది, అంటే రెండువేల ఒకటిలో, ఈస్టరుకి ముందు లెంటు రోజులు. అమెరికాలో ఒక కుటుంబం గురించి వచ్చిన పరిశోధన పత్రం కరుణ చేతికి వచ్చింది. ఆ కుటుంబంలో తరతరాలుగా కొందరు సాయంత్రం పొద్దుండగానే నిద్రకి పడిపోతారు, తెల్లవారకముందే లేస్తారు. చూస్తే, వాళ్ళ గడియారం ప్రొటీన్‌లో కైనేజ్ గుర్తు వేసే చోటే చిన్న తేడా. ఈగల్లో ఉన్న సంగతే మనుషుల్లోనూ! అలాంటి కుటుంబం కరుణకి తెలిసిందే. ఎక్కడో అమెరికాలో కాదు, తన ఇంట్లోనే కుట్టుమిషను పక్కన మోకరిస్తోంది.

ఆదివారం వచ్చేదాకా ఆగడమే గొప్ప. కంచాల్లో కోడికూర వడ్డిస్తున్న తల్లితో, "అమ్మా, నువ్వు మూడింటికే ఎందుకు లేస్తావో తెలిసిపోయింది!" అంది.

"నాకెప్పుడో తెలుసు కదే" అంది అమృతమ్మ, ముక్కలు ఏరి కూతురి వైపు వేస్తూ.

అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. ఈగలూ, బస్సు కండక్టరూ, అమెరికా కుటుంబం, అంతా చెప్పింది. తల్లి వింటూనే ఉంది. కూతురు చదువు గురించి ఇంట్లో ఇంత సేపు మాట్లాడడం ఎప్పుడూ లేదని ఆమెకి ముచ్చటగా కూడా ఉంది.

"తెనాలిలో కమలకుమారి పిన్ని ఎన్నింటికి లేస్తుంది?"

"అదీ మూడింటికే. మా నాన్నా అంతే."

"లేచి ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుంది, అంట్లు తోముకుంటుంది. దానికి ప్రార్థనా పాడా."

"మరి పిన్నినెవరు లేపుతున్నారమ్మా?"

అమృతమ్మ చేతిలో గరిటె ఆగింది. కరుణ అది చూడలేదు. చీకటి గదిలో ఈగ కదిలితే కనిపెట్టే పిల్ల, ఎదురుగా తల్లి మొహం చూడలేదు.

"అన్నయ్య పోయాకే మొదలైందంటావు గానీ, నువ్వు అంతకుముందూ లేచే ఉంటావు. గుర్తు తెచ్చుకో."

అమృతమ్మ చాలాసేపు గుర్తు తెచ్చుకుంది. "మా అమ్మ తిట్టేది" అంది మెల్లగా. "చీకట్లో దెయ్యంలా తిరుగుతావేంటే, పడుకోమని. పెళ్ళి కాకముందు."

"చూశావా!" అంది కరుణ.

"అయితే... ఆయన కాదా?"

"కాదమ్మా. కైనేజ్."

నవ్వుతూనే అంది. అమృతమ్మ కూతురి కంచంలోకి చూసి, "మజ్జిగ పోసుకో" అంది. తన కంచంలో అన్నం మాత్రం అలాగే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున కరుణకి ఎందుకో మెలకువ వచ్చింది. ఏదో తక్కువైంది. అమ్మ గొంతు లేదు. కాసేపటికి వెనక నుంచి గిన్నెల చప్పుడు. అమృతమ్మ లేచింది, లేవకుండా ఎలా ఉంటుంది, ఒంట్లో ఉన్నది ఊరుకోదు కదా. లేచి, ఏం చెయ్యాలో తోచక అంట్లు తోముతోంది. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. కుట్టుమిషను పక్కన మడత పెట్టి ఉండే దుప్పటి బీరువాలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు భయం వేసింది కరుణకి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసే పనే, ఈమె కూడా చేసింది. ముందు చదువుతోనే సర్దబోయింది. "నేను ఖచ్చితంగా చెప్పలేనమ్మా. నీ రక్తం పరీక్ష చెయ్యలేదు, ఏమీ లేదు, ఊరికే పోలిక చూసి అన్నాను" అంది. నిజమే. గుడ్డ పరదా పక్కకి జరిగి చీకటి గదిలో కాస్త వెలుతురు పడిందని ఒక నెల పని అంతా చెత్తబుట్టలో వేసిన మనిషి, అమ్మ విషయంలో ఒక్క పరీక్షా లేకుండా తీర్పు చెప్పేసింది.

"ఆ రోజు ఖచ్చితంగానే చెప్పావుగా" అంది తల్లి.

"పోనీ, దేవుడే నీ ఒంట్లో అలా పెట్టాడనుకో. ప్రార్థనకి లేవాలనే పెట్టాడనుకో."

"మరి మీ ఈగలకెందుకు పెట్టాడే? అవెవరి కబురు వినడానికి లేస్తాయి?" కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

ఈస్టరు వచ్చింది. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. సూర్యోదయ ఆరాధనకి అందర్నీ లేపేది అమృతమ్మే. చీకటుండగానే పంజాగుట్ట సందుల్లో విశ్వాసుల ఇళ్ళన్నిటికీ వెళ్ళి, తలుపు కొట్టి, "ప్రభువు లేచాడు!" అనేది. లోపల్నించి నిద్రగొంతుతో "నిజంగా లేచాడు!" అంటేగాని ఆ గుమ్మం వదిలేది కాదు. ఆమె ఉందన్న ధైర్యంతో ఎవరూ అలారం పెట్టుకునేవాళ్ళు కాదు. ఆ ఏడు ఎవరి తలుపూ ఎవరూ కొట్టలేదు. పాస్టరుగారు నలుగురైదుగురితో ఆరాధన మొదలుపెడితే, మిగిలినవాళ్ళు ఎండెక్కాక చీరలు సవరించుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

మధ్యాహ్నం వజ్రమ్మ వచ్చింది, సంచీలో వేడి ఇడ్లీలతో సహా.

"ఏమైందక్కా, పానం మంచిగ లేదా? గింత పండుగనాడు నువ్వు రాకపోతివి. అందరం పండుకునే ఉన్నం."

"ఏం లేదు వజ్రమ్మా. కూర్చో."

వజ్రమ్మ కూర్చోలేదు. ఆమె వచ్చిన పని వేరే. "అక్కా, మా పిల్లగాడు సత్యరాజు నౌకరి పోయింది. కంపెనీల అందరితో పాటు పొమ్మన్నరంట. నెల నుంచి మంచం దిగుతలేడు. గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. తింటలేడు, మాట్లాడ్తలేడు. నాకు మస్తు భయమైతుంది. నువ్వు జర పొద్దుగాల ఆయనతోని చెప్పక్కా. నీ మాట ఇంటడు."

అమృతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పాస్టరుగారితో చెప్పు వజ్రమ్మా. బాబుని ఎవరైనా మంచి డాక్టరుకి చూపించు. నన్నడగొద్దు."

"గదేందక్కా? నిన్ను ఆయన సొంతంగ లేపుతడు గద."

"లేదమ్మా. నాకు నిద్ర పట్టదు, అంతే. అదొక జబ్బు."

తలుపు దగ్గర నిలబడ్డ కరుణ అంతా విన్నది. ఆ మాటలు తను నేర్పినవే. వజ్రమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థం కాక, ఇడ్లీల సంచీ అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కరుణ తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. "నన్ను తిట్టమ్మా. కొట్టు. ఇలా ఉండకు."

"నిన్నెందుకు తిడతానే? నువ్వు అబద్ధం చెప్పలేదు. నిజమని నాకు లోపల తెలుస్తూనే ఉంది, అదే నా బాధ." అమృతమ్మ కూతురి తల నిమిరింది. "పాతికేళ్ళు కరుణా. ఆ వేళప్పుడు ఈ గదిలో ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఆయన, నేను, లెవీ. వాడు పెద్దవాడవుతున్నట్టే ఉండేది నాకు. ఈ ఏడు వాడికి పెళ్ళి మాటలు కూడా అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇప్పుడు లేచి చూస్తే గది ఖాళీ. అప్పుడు వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంది."

కరుణకి అన్నయ్య మొహం కూడా గుర్తు లేదు. అయినా వాణ్ణి తనే తవ్వి తీసి తనే మళ్ళీ పూడ్చినట్టయింది.

వారం పాటు ల్యాబులో ఆమె చేతులు పని చేశాయి గానీ మనసు చెయ్యలేదు. ఒక ఈగ లెక్కలో కలవకపోతే దాన్నీ రాసుకునే మనిషి ఆమె. కలవనిదాన్ని దాచడం దొంగతనమని జూనియర్లకి చెప్పేది. అలాంటి మనిషి ఒక సాయంత్రం బస్సు దిగి, పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నలు దగ్గర నిలబడి, అబద్ధం కూడగట్టుకుంది. ఇంటికి వెళ్ళేదాకా దాన్నే నెమరేసుకుంటూ నడిచింది.

అమృతమ్మ పెందలాడే అన్నం తిని, పక్క వేసుకుంటోంది.

"అమ్మా, ఆ పేపరు తప్పట."

"ఏ పేపరు?"

"అదే, అమెరికా వాళ్ళది. వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే రాలేదట. ఈగల సంగతి ఈగలదే, మనుషుల్లో అలా ఏమీ లేదట. వెనక్కి తీసేసుకున్నారు." ఒక్క గుక్కలో చెప్పేసింది. "నిన్నెవరు లేపుతున్నారో ఎవరికీ తెలీదమ్మా. నేనే తొందరపడ్డాను."

అమృతమ్మ దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. తన కూతురు చిన్నప్పుడు అబద్ధం చెబితే ఎడమచేత్తో జడ చివర పట్టుకుని తిప్పేది. ఇప్పుడూ తిప్పుతోంది. అమృతమ్మ ఆ చేతిని చూసింది, మొహాన్ని చూసింది.

"అవునా?" అంది. "పోనీలే. మంచి మాట చెప్పావు."

"మళ్ళీ ప్రార్థన చేసుకుంటావా అమ్మా?"

"చేసుకుంటాలే. నువ్వు అన్నం తిను, చల్లారిపోతోంది."

ఆ రాత్రి కరుణకి నిద్ర పట్టలేదు. పట్టనిచ్చుకోలేదు కూడా. తెల్లవారుజామున పక్క గదిలో మంచం కిర్రుమంది. బీరువా తలుపు తెరుచుకుంది. దుప్పటి మడత నేల మీద పడ్డ మెత్తటి చప్పుడు. కరుణ అమ్మకి నయమైపోయిందనుకుంది. ఒక్క అబద్ధంతో నయమైపోయిందనుకుని, తనే ఇన్నాళ్ళకి మొదటిసారి ఎవరికి పెడుతోందో తెలియకుండానే దండం పెట్టుకుంది.

పాత గొంతే. పాత మాటలే అనుకుంది.

"ప్రభువా" అంది అమృతమ్మ. "నువ్వుంటే... ఈ పిల్లకి నెమ్మది ఇయ్యి. నా కోసం అబద్ధమాడింది. దానికెప్పుడూ చేతకాదు. ఆ తప్పు దాని మీద వెయ్యకు. వజ్రమ్మ కొడుకుని మంచం దింపు, నువ్వుంటే."

గోడ అవతల కరుణ దిండుని పళ్ళతో పట్టుకుంది.

"లెవీ ఎలా ఉన్నాడని అడగనులే. నువ్వుంటే వాణ్ణి చూసుకో. నేను రోజూ లేస్తాను, అది నా చేతిలో లేదు. లేచినప్పుడు అడగకుండా ఉండడం నేర్చుకుంటాను."

ఆ ఇంట్లో ప్రార్థన అయ్యాక ఎవరు విన్నా ఆమెన్ అనాలి. కరుణ అనబోయింది. అనలేక దుప్పటి తల మీదికి లాక్కుంది. కాసేపు చూసి, తల్లే ఆమెన్ అనుకుని, లేచి వెళ్ళి పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది.